పాపాయికి రంగు ఎవరిచ్చారు?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



పురిటింటికి చూడవచ్చిన వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని. రెండో ప్రశ్న ఏమిటో మీకు నేను వేరే చెప్పనక్కర్లేదు. "రంగు ఎవరి పోలిక?" ఉయ్యాల మీదికి వంగి, పసిగుడ్డు చెవుల అంచులు మునివేళ్ళతో పట్టి చూసి, "ఇప్పుడిలా ఎర్రగా ఉన్నాడు గాని, నాలుగు నెలలు పోనీండి, చామనచాయకి దిగుతాడు" అని తీర్పు చెప్పే పెద్దావిడ ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. పుట్టిన బిడ్డ చర్మంలో రంగు ఇంకా పూర్తిగా తయారై ఉండదు. నెలలు గడిచినకొద్దీ అసలు రంగు తేలుతుంది. అంతవరకూ బాగానే ఉంది. ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరిచ్చారు అన్న దగ్గరే మన అభిప్రాయాలు దారి తప్పుతూ ఉంటాయి.

కిందటేడు మా పక్కవాటాలో పిన్నిగారి కోడలికి అయిదో నెల. ఆసుపత్రిలో ఇచ్చిన ఎర్రమాత్రలు, అవే ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు, ఆ అమ్మాయి వేసుకోవటం లేదని మాటల్లో బయటపడింది. "ఎందుకమ్మా?" అంటే తల దించుకుంది. పిన్నిగారే అందుకున్నారు. "అవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుందట కదమ్మా! నాలుగు రోజులు వేసుకునేసరికే లోపలంతా నలుపెక్కింది, విరేచనం కూడా నల్లగానే అవుతోంది. అందుకే మానిపించేశాను. పొద్దునా సాయంత్రం కుంకుమపువ్వు వేసి పాలిస్తున్నాను. అదేమన్నా చవకా?" అన్నారు.

పిన్నిగారిని నవ్వకండి. ఇది ఆవిడ ఒక్కరి మాట కాదు. ఆ మాత్రలకు భయపడి చాటుగా పారేసే గర్భిణీ స్త్రీలు మన దేశంలో చాలాచోట్ల ఉన్నారు. అయితే ఇందులో ఒక పెద్ద చిత్రం ఉంది. ఆ మాత్రలో ఉన్న ఒక దినుసుకీ, మనిషి ఒంటి రంగుకీ నిజంగానే చుట్టరికం ఉంది. కాని పిన్నిగారు అనుకున్న చుట్టరికం కాదు, సరిగ్గా దానికి తలకిందులైనది. ఆ కథే ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను.

ముందు రంగంటే ఏమిటో చూద్దాం. మన చర్మం పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలుంటాయి. మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారు చెయ్యటం వాటి పని. అవి దాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి ఇరుగుపొరుగు కణాలకు పంచిపెడతాయి. ఒక్కొక్క మెలనోసైటు సుమారు 36 కణాలకు రంగు సరఫరా చేస్తుందని లెక్క. ఆ పొట్లాలు ఊరికే అక్కడా ఇక్కడా పడి ఉండవు. కణం నడుమ ఉన్న కేంద్రకం మీదికి చేరి గొడుగు పట్టినట్టు నిలుస్తాయి. కేంద్రకంలో ఉన్నది మన వంశధనమైన డి.ఎన్.ఏ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని చెడగొట్టకుండా కాపాడటానికే ఆ గొడుగు.

నల్లగా ఉన్నవాళ్ళకి ఈ మెలనోసైట్లు ఎక్కువ, తెల్లగా ఉన్నవాళ్ళకి తక్కువ అనుకుంటాం కదా? అలా కాదు. ఏ దేశం మనిషిని తీసుకున్నా వాటి సంఖ్య ఇంచుమించు ఒకటే. పది ఇళ్ళలోనూ పది పొయ్యిలున్నాయి, ఏ ఇంట్లో ఎంత వండుతారు, ఏం వండుతారు అన్నదే తేడా. గోధుమ, నలుపు వన్నెల మెలనిన్ ఒకరకం. ఎరుపు, పసుపు వన్నెలది ఇంకొకరకం. వీటి పాళ్ళు, పొట్లాల పరిమాణం, అవి పరుచుకునే తీరు, వీటిని బట్టి మన రంగు.

మరి ఒకరికి పెద్ద గొడుగూ, ఒకరికి చిన్న గొడుగూ ఎందుకొచ్చింది?

మనుషులందరి పూర్వీకులదీ ఆఫ్రికా ఖండమే. మనకి దగ్గర చుట్టమైన చింపాంజీని చూస్తే, దాని బొచ్చు కింద చర్మం లేతరంగులోనే ఉంటుంది. మన పూర్వీకులూ ఒకప్పుడు అలాంటి వాళ్ళే. మండే ఎండలో మైదానాల వెంట నడిచి బతకవలసి వచ్చినప్పుడు ఒళ్ళు చల్లబడటానికి చెమట పట్టటం అవసరమైంది. ఒంటిమీది బొచ్చు పోయింది. బొచ్చు పోయేసరికి చర్మం ఎండకి బట్టబయలైంది. అప్పుడు లోపలి గొడుగు కావలసి వచ్చింది. కనీసం 12 లక్షల ఏళ్ళ కిందటికే మన పూర్వీకుల చర్మం నల్లబడి ఉంటుందని జన్యువుల ఆధారంగా శాస్త్రజ్ఞులు అంచనా వేశారు.

ఆ గొడుగు దేన్ని కాపాడటానికి? చర్మపు కాన్సరు నుంచి అని చాలామంది అనుకునేవారు. కాని ఆ కాన్సరు ఎక్కువగా వచ్చేది పెద్ద వయసులో, పిల్లల్ని కని పెంచిన తరవాత. అది వంశం మీద అంతగా దెబ్బ తియ్యదు. వంశానికే ముప్పు తెచ్చేది ఇంకొకటేదో ఉండాలి. ఇక్కడే మన ఎర్రమాత్రలోని దినుసు రంగప్రవేశం చేస్తుంది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే స్త్రీలు గర్భంతో ఉండగా భయంకరంగా రక్తం తగ్గిపోయి చనిపోతూ ఉండేవారు. కారణం తిండిలోని లోపమేనని ఆవిడ పసిగట్టింది. ఈస్టు నుంచి తీసిన చవక పదార్థం ఒకటి తినిపిస్తే వాళ్ళు తేరుకున్నారు. ఈ సంగతి 1931లో ప్రకటించింది. ఆ పదార్థంలో ఏదో ఉంది. ఏమిటో మటుకు అప్పటికి తెలియలేదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఒక పదార్థాన్ని తీసి, లాటిన్ భాషలో ఆకు అని అర్థం వచ్చే మాట మీదుగా దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. ఆకుకూరల్లో దొరుకుతుంది కనుక ఆ పేరు సార్థకమే. అయితే దాన్ని శుద్ధిచేసి, నిర్మాణం తేల్చి, 1945లో ప్రయోగశాలలోనే తయారు చేసి లోకానికి అందించిన బృందానికి నాయకుడెవరనుకున్నారు? 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు! లెడర్లీ ప్రయోగశాలలో ఆయన పరిశోధనలకు పెద్ద. ఆయన సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూ అనే జబ్బుకి కూడా ఈ ఫోలిక్ యాసిడే మందుగా పనికొచ్చింది. పక్కింటి కోడలు పారేస్తున్న మాత్రలో భీమవరం చెయ్యి కూడా ఉందన్నమాట!

ఈ ఫోలిక్ యాసిడ్ ఒంట్లో ఎందుకు? కొత్త కణాలు పుట్టాలంటే అది ఉండి తీరాలి. కడుపులో బిడ్డ పెరగటమంటే కొత్త కణాలు పుట్టటమే కదా! గర్భం నిలిచిన మొదటి 28 రోజుల్లోనే బిడ్డ మెదడుకీ వెన్నుకీ మూలమైన నాడీనాళం మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. ఆ రోజుల్లో తల్లి రక్తంలో ఇది చాలకపోతే ఆ నాళం సరిగా మూసుకోకపోవచ్చు. బిడ్డ వెన్ను చీలికతోనో, తల పూర్తిగా ఏర్పడకుండానో పుట్టవచ్చు. ఏడు దేశాల్లో జరిపి 1991లో ప్రకటించిన పెద్ద పరిశోధన ఒకటుంది. అలాంటి బిడ్డ ఒకసారి పుట్టిన తల్లులకు, తరవాతి కాన్పుకి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, ఆ ప్రమాదం నూటికి 72 వంతులు తగ్గిందని తేలింది.

ఇప్పుడు ఎండ దగ్గరికి వద్దాం. 1978లో అమెరికాలో బ్రాండా, ఈటన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మనిషి రక్తం నుంచి తీసిన ప్లాస్మాను మంచి ఎండలాంటి వెలుతురులో ఒక గంటసేపు ఉంచారు. అందులోని ఫోలేట్, అంటే ఈ ఫోలిక్ యాసిడ్ జాతిదే, 30 నుంచి 50 శాతం దాకా నశించిపోయింది. చర్మం మీదుగా రక్తం ప్రవహిస్తూనే ఉంటుంది కదా. పైన గొడుగు లేకపోతే మండుటెండ ఈ విలువైన దినుసుని కాజేస్తుంది. 2000లో నీనా జబ్లాన్స్కీ, జార్జి చాప్లిన్ అనే పరిశోధక దంపతులు ఈ సంగతులన్నీ కలిపి చూశారు. ఉపగ్రహాలు కొలిచిన అతినీలలోహిత కిరణాల పటాన్ని ఒక పక్కనా, ప్రపంచ ప్రజల చర్మపు రంగు కొలతల్ని ఇంకో పక్కనా పెట్టి పోలిస్తే రెండూ చక్కగా సరిపోయాయి. కిరణాలు ఎక్కువ పడే చోట అనాదిగా ఉంటున్న వాళ్ళు నల్లన, తక్కువ పడే చోట వాళ్ళు తెల్లన.

అంటే సంగతి అర్థమైందా? నల్లని చర్మం తల్లి రక్తంలోని ఫోలేట్‌ని కాపాడి, కడుపులోని బిడ్డకి నిండైన వెన్నునీ తలనీ ఇవ్వటానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అని ఈ శాస్త్రజ్ఞుల వాదం. అటువంటి దినుసే ఉన్న మాత్రని, నలుపొస్తుందన్న భయంతో మనం చెత్తబుట్టలో వేస్తున్నాం!

'ప్రకృతి చేసిన ఏర్పాటు' అన్నాను గాని, ప్రకృతి కూర్చుని ఆలోచించి చెయ్యదు సుమండీ. దీన్నే ప్రకృతి వరణం అంటారు. 1859లో డార్విన్ రాసిన పుస్తకంతో లోకానికి తెలిసిన సూత్రం ఇది. వరణమంటే ఎంచుకోవటం. స్వయంవరంలో ఉన్న మాటే. రైతు పంటలో గట్టి కంకుల్ని ఏరి విత్తనానికి దాచుకుంటాడు. కొన్నేళ్ళకి చేనంతా గట్టి కంకులే వేస్తుంది. ఏ కంకీ తన ప్రయత్నంతో గట్టిపడలేదు. గట్టివి మిగిలాయి, తాలువి పోయాయి, అంతే. ప్రకృతిలో ఏరే రైతు కూడా లేడు. మండుటెండల దేశంలో చర్మం కాస్త ముదురు రంగులో ఉన్న తల్లికి నలుగురు పిల్లలు దక్కితే, లేతరంగు తల్లికి ముగ్గురే దక్కారనుకోండి. ఆ తేడా ఎంత చిన్నదైనా, తరం వెనక తరం, వేల తరాలు గడిచేసరికి ఆ జనమంతా ముదురు రంగే అవుతుంది. చిట్టీల మీద వడ్డీ పెరిగినట్టు పెరుగుతుంది.

ఇంకొక అపోహ కూడా ఇక్కడే తీర్చుకుందాం. ఎండలో తిరిగి నల్లబడిన తల్లికి నల్లబిడ్డ పుడుతుందని కాదు. ఎండకి కమిలిన రంగు ఆవిడతోనే పోతుంది. బిడ్డకి వెళ్ళేది తల్లిదండ్రుల జన్యువుల్లో రాసి ఉన్నది మాత్రమే.

సరే, నలుపు అంత మేలైతే తెల్లవాళ్ళెక్కడినుంచి వచ్చారు? సుమారు 60, 70 వేల ఏళ్ళ కిందట కొన్ని గుంపులు ఆఫ్రికా దాటి బయటి ఖండాలకు నడిచాయి. ఉత్తరానికి పోయిన కొద్దీ ఎండ ఏటవాలుగా పడుతుంది, చలికాలమంతా బలహీనంగా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలతో మనకొక లాభం కూడా ఉంది. చర్మంలో డి విటమిన్ తయారయ్యేది వాటివల్లనే. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. పిల్లలకి రికెట్స్ వచ్చి దొడ్డికాళ్ళు పడతాయి. ఆడపిల్లల కటి ఎముకలు వంకరపోతే పెద్దయ్యాక కాన్పు కష్టమై తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రాణం మీదికొస్తుంది. ఎండే చాలని చోట పెద్ద గొడుగు పట్టుకుంటే ఎలా? అక్కడ గొడుగు చిన్నదవుతూ వచ్చింది.

మరి ఉత్తర ధ్రువం దగ్గరి ఎస్కిమోలు అంత తెల్లగా లేరేం అని మీరడగవచ్చు. వాళ్ళ తిండి చేపలూ, సముద్ర జంతువుల కొవ్వూ. డి విటమిన్ వాళ్ళకి కంచంలోనే దొరుకుతుంది. ఇక ఐరోపా వాళ్ళు మొదటినుంచీ తెల్లవాళ్ళేనా అంటే అదీ కాదు. ఇంగ్లండులో చెడ్డర్ అనే చోట గుహలో దొరికిన, సుమారు 10 వేల ఏళ్ళ నాటి మనిషి ఎముకల్లోంచి డి.ఎన్.ఏ. తీసి చూసి, అతని చర్మం బాగా ముదురు రంగులోనూ, కళ్ళు లేతరంగులోనూ ఉండి ఉంటాయని 2018లో ప్రకటించారు. మన్ని దొరలు ఏలిన రోజుల్లో ఈ సంగతి తెలిస్తే ఎంత బాగుండేది!

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకే తల్లీ తండ్రీ, అయినా ఒక పిల్ల పచ్చగా, ఇంకో పిల్ల నల్లగా ఎందుకు పుడతారు? దీనికి నేను పిన్నిగారికి చింతపిక్కలతో చెప్పాను. అష్టాచెమ్మాలో ఆవిడ అందె వేసిన చెయ్యి. మీరూ ప్రయత్నించి చూడండి.

ఒంటి రంగుని నిర్ణయించేది ఒక్క జన్యువు కాదు, అనేకం. ప్రస్తుతానికి నాలుగే అనుకుందాం. ప్రతి జన్యువూ మనలో జతగా ఉంటుంది, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. తల్లి ముందు నాలుగు జతల పిక్కలు పెట్టండి. ప్రతి జతలో ఒకటి నల్లపిక్క, ఒకటి అరగదీసి తెల్లగా చేసిన పిక్క. తండ్రి ముందూ అలాగే పెట్టండి. ఇద్దరిదీ చామనచాయ అన్నమాట. ఇప్పుడు కళ్ళు మూసుకుని తల్లి ప్రతి జతలోంచీ ఒక్కొక్క పిక్క తీసి బిడ్డకివ్వాలి. తండ్రీ అంతే. బిడ్డకి మొత్తం ఎనిమిది పిక్కలు చేరాయి. అవి పడటానికి 256 మార్గాలున్నాయి. అందులో నాలుగు నలుపూ నాలుగు తెలుపూ పడేవి 70. ఎనిమిదీ నల్లవే పడేది ఒక్కటి, ఎనిమిదీ తెల్లవే పడేది ఒక్కటి. మిగిలినవన్నీ మధ్య రంగులు. అందుకే చామనచాయ దంపతులకు ఎక్కువమంది పిల్లలు చామనచాయగానే పుడతారు, ఎప్పుడో ఒకప్పుడు ముత్తవ్వ రంగు తిరిగొస్తుంది. కోడలి మీద అనుమానంగా చూడనక్కర్లేదు, కొడుకుని తప్పు పట్టనక్కర్లేదు. గర్భం నిలిచిన క్షణానే పిక్కలు పడిపోయాయి. ఆ తరవాత పోసిన కుంకుమపువ్వు పాలు గాని, తిన్న నల్లద్రాక్ష గాని, మింగిన ఎర్రమాత్ర గాని ఒక్క పిక్కని కూడా తిరగెయ్యలేవు.

నిజానికి పిక్కలన్నీ ఒకే బరువువి కావు. కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. అన్నిటికంటే పెద్ద పిక్కల్లో ఒకటి ఒక చేప పుణ్యమా అని దొరికింది. గాజు తొట్టెల్లో పెంచుకునే జీబ్రా చేపని మీరు చూసే ఉంటారు. ఒంటిమీద నల్లచారలుంటాయి, మన దేశపు నీళ్ళలోదే. వాటిలో అరుదుగా చారలు వెలిసిపోయి బంగారు వన్నెతో ఉండేవి కొన్నుంటాయి. ఆ వెలవటానికి కారణమైన జన్యువుని అమెరికాలో కీత్ చెంగ్ బృందం వెతికి పట్టుకుని 2005లో ప్రకటించింది. మనిషిలోనూ అదే జన్యువుంది. మనిషి జన్యువు సమాచారాన్ని ఆ వెలిసిన చేప పిండంలోకి ఎక్కిస్తే దానికి నల్లరంగు తిరిగి వచ్చింది! ఎస్.ఎల్.సి.24.ఎ.5 అని దాని పేరు. ఐరోపా వాళ్ళలో దాదాపు అందరికీ ఆ జన్యువులో ఒకే ఒక అక్షరం మారి ఉంది. 300 కోట్ల అక్షరాల గ్రంథంలో ఒక్క అక్షరం! గుణింతం మారితే పాలు పూలయిపోయినట్టు, ఆ ఒక్క అక్షరంతో మెలనిన్ తయారీ తగ్గిపోయింది. చైనా, జపాను వాళ్ళు లేతరంగులో ఉన్నా వాళ్ళలో ఈ అక్షరం మారలేదు, వాళ్ళకి వేరే జన్యువులు మారాయి. ఒకే ఊరికి రెండు దారులు.

మరి మన సంగతి? మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇతర దేశాల వారితో కలిసి చేసిన పరిశోధన 2013లో వెలువడింది. దక్షిణాదికి చెందిన 1,228 మంది చర్మపు రంగుని యంత్రంతో కొలిచి, వాళ్ళ జన్యువులు చూశారు. వాళ్ళ రంగుల్లోని తేడాలో సుమారు 27 శాతానికి ఆ ఒక్క అక్షరమే కారణమని తేలింది. దేశమంతటా 54 జనసమూహాల్లో వెతికితే ఆ అక్షరం చాలాచోట్ల కనిపించింది, కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. మనలో ఉన్నదీ, ఐరోపా వాళ్ళలో ఉన్నదీ ఒకే మూలం నుంచి వచ్చినదేననీ, ఆ మూలం 22 నుంచి 28 వేల ఏళ్ళ నాటిదనీ లెక్కగట్టారు. ఉత్తరాదిలో ప్రకృతి వరణం ఆ అక్షరాన్ని పైకి తెచ్చిన జాడలున్నాయి, దక్షిణాదిలో లేవు. అంటే మన వైపు దాన్ని చేర్చింది ఎండ కాదు. వలసలూ, పెళ్ళిళ్ళూ, ఏ గుంపు ఎవరితో కలిసిందన్న చరిత్రా. అందుకే ఒకే వీధిలో, ఒకే ఇంట్లో ఇన్ని రంగులు. ఆఫ్రికాలో కూడా అంతే. 2017లో వెలువడిన పరిశోధనలో, అక్కడి ప్రజల్లోనే లేతరంగునిచ్చే అక్షరాలూ ముదురు రంగునిచ్చే అక్షరాలూ రెండూ ఉన్నాయనీ, వాటిలో కొన్ని మన మానవజాతి కంటే కూడా పాతవనీ తేలింది. రంగుని చూసి జాతిని గాని, కులాన్ని గాని, గుణాన్ని గాని చెప్పవచ్చుననే వాళ్ళ మాటకి ఇక కాళ్ళెక్కడున్నాయి?

కాని మన పెళ్ళిచూపుల్లో ఆ మాటకి ఇంకా కాళ్ళున్నాయి. "పిల్ల లక్షణంగా ఉంది, చదువుకుంది, కాస్త రంగు తక్కువ" అంటారు. రంగు తక్కువట! మెలనిన్ లెక్కన చూస్తే ఆ పిల్లకి రంగు ఎక్కువ. ఆ 'తక్కువ'ని కట్నంతో పూడ్చమంటారు. ఎండ వేల తరాలపాటు ఓపిగ్గా నేసి ఇచ్చిన గొడుగుకి మనం జరిమానా వసూలు చేస్తున్నాం. ఆడపిల్ల పదో ఏటి నుంచే అద్దం ముందు నిలబడి తనని తాను తక్కువ చేసుకోవటం నేర్చుకుంటోంది. 1975లో మన దేశంలో బజారుకొచ్చిన ఒక పేరుమోసిన తెలుపు క్రీము, 2020లో తన పేరులోంచి తెలుపన్న మాట తీసేసుకుంది. పేరు మారింది గాని అద్దం ముందు ఆ దిగులు మారిందా? కొందరు ఇంకా ముందుకెళ్ళి, ఎవరో చెప్పారని స్టెరాయిడ్ కలిసిన పూతమందులు నెలల తరబడి మొహానికి రాస్తారు. చర్మం పల్చబడి, ఎర్రబడి, మొటిమలూ అవాంఛిత రోమాలూ వస్తాయి. కొన్ని తెలుపు క్రీముల్లో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలకే చేటు. డాక్టరు చీటీ లేనిదే అలాంటివి ఇంట్లోకి రానివ్వకండి.

గొడుగు ఒక చోట కుదిరింది ఇంకో చోట కుదరకపోవచ్చు. ఇది మటుకు గుర్తుంచుకోవాలి. మన దేశం నుంచీ పాకిస్తాన్ నుంచీ బ్రిటన్ వెళ్ళి స్థిరపడిన కుటుంబాల పిల్లల్లో 1960, 70 దశాబ్దాల్లో రికెట్స్ కనిపించి డాక్టర్లు కంగారు పడ్డారు. అక్కడి నీరెండకి మన గొడుగు మరీ పెద్దదైపోయింది. 1981లో దాన్ని అరికట్టటానికి ప్రత్యేకంగా ప్రచారం చేశారు. సరిగ్గా అదే ఏడు ఆస్ట్రేలియాలో ఇంకో ప్రచారం మొదలైంది. చొక్కా తొడుక్కోండి, పూత రాసుకోండి, టోపీ పెట్టుకోండి అని. అక్కడ స్థిరపడిన తెల్లవాళ్ళకి చర్మపు కాన్సరు ఎక్కువ. వాళ్ళ గొడుగు అక్కడి ఎండకి చాలలేదు. అమెరికాలో ఉన్న మీ అమ్మాయికి డాక్టరు డి విటమిన్ వేసుకోమంటే అందులో అర్థం ఉందని తెలిసింది కదా.

ఆ మాటకొస్తే మనకీ ఆ అవసరం వస్తోంది. వెనకటి ఆడవాళ్ళు డాబా మీద వడియాలు పెట్టుకుంటూ, ఒరుగులు ఎండబెట్టుకుంటూ ఎండ తగిలించుకునేవారు. ఇప్పుడు అపార్టుమెంటుల్లో కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో కూర్చుని సరిపెట్టుకుంటున్నాం. డి విటమిన్ ఇచ్చే కిరణాల్ని ఆ గాజు లోపలికి రానివ్వదు. పైగా ముదురు చర్మానికి కాస్త ఎక్కువసేపే ఎండ కావాలి. నల్లబడతామని ఎండ మొహమే చూడకుండా ఉంటే నష్టపోయేది మన ఎముకలే. కీళ్ళూ ఎముకలూ నొప్పులుంటే డాక్టరుకి చూపించుకోండి.

ఇక చివరగా అసలు సంగతి. పెళ్ళయి, పిల్లలు కావాలనుకునే అమ్మాయి మీ ఇంట్లో ఉంటే, నెల తప్పేదాకా ఆగకండి. కనీసం నెల రోజుల ముందునుంచే ఫోలిక్ యాసిడ్ గురించి డాక్టర్ని అడగండి. మొదటి మూడు నెలలూ అది తప్పనిసరి. మామూలుగా చెప్పే మోతాదు రోజుకి 400 మైక్రోగ్రాములు. ఇంతకు ముందు వెన్ను లోపంతో బిడ్డ పుట్టి ఉంటే మోతాదు వేరు, అది డాక్టరే చెప్పాలి. ఆ తరవాత ఆసుపత్రిలో ఇచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరనూ, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడూ ఉంటాయి. రక్తం పట్టటానికి అవి రోజూ వేసుకోవాలి. విరేచనం నల్లగా అవటం ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము వల్ల. దానికీ బిడ్డ చర్మానికీ ఏ సంబంధమూ లేదు. పాలకూర, తోటకూర, పెసలు, సెనగలు రోజూ ఏదో ఒకటి ఉండేటట్టు చూసుకోండి.

పిన్నిగారి కోడలికి అప్పటికే అయిదో నెల కనుక వెన్ను ఏర్పడే ఘట్టం ఎప్పుడో దాటింది. అదృష్టవశాత్తూ స్కానింగులో అంతా బాగానే ఉందన్నారు. కాని రక్తం బాగా తక్కువగా ఉంది. కాన్పు నాడు అది ప్రాణాలకి ముప్పు. చింతపిక్కల ఆట అయిన మర్నాడు పిన్నిగారే మాత్రా, మంచినీళ్ళూ పట్టుకెళ్ళి కోడలి చేతికిచ్చారు. ఆఫ్రికా కథ ఆవిడ పూర్తిగా నమ్మారో లేదో గాని, పిక్కల లెక్క మాత్రం నమ్మారు. నెలలు నిండాక సుఖప్రసవమైంది. ఆడపిల్ల. నేను చూడటానికి వెళ్ళేసరికి పిన్నిగారు మనవరాలి చెవులు పరీక్షించటం అయిపోయింది.

"అచ్చం మా అత్తగారి రంగు వస్తుందమ్మా. ఆవిడ నలుపే, కాని ఎంత కళగల మనిషనుకున్నావు!" అన్నారు.

"మరి ఇన్నాళ్ళూ పోసిన కుంకుమపువ్వు ఏం చేసినట్టు పిన్నిగారూ?" అని అడిగాను.

"ఏం చేస్తుంది, ఆ వంకన పూటకో గ్లాసు పాలు తాగించింది!" అని నవ్వేశారు.